నాణ్యత తగ్గకుండా ఫొటోలు పంపడం: నా అనుభవం

కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోట తీర్థంలో, గంగలకుర్రు ప్రభలు (వెదురుతో కట్టి, రంగుల బట్టలతో అలంకరించి భుజాల మీద మోసుకొచ్చేవి) కౌశిక కాలువ దాటుతుండగా తీసిన ఫొటోలు నా ల్యాప్‌టాప్‌లో నూలు పోగుతో సహా స్పష్టంగా కనిపించేవి. హైదరాబాదులో ఉన్న మా బావగారికి చేరేసరికి ప్రభ మీది రంగులన్నీ ఒకే మరకగా అలుక్కుపోయేవి. మెసేజింగ్ యాప్, ఒక ఉచిత హోస్టింగ్ సైటు, అన్నీ కలిపి కట్టిన జిప్ ఫైలు, ఈ మూడూ అక్కరకు రాలేదు.

చివరికి కెమెరా కార్డులోని అసలు జేపెగ్ ఫైళ్లను ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకుని, గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డరు తెరిచి, ఇరవయ్యేసి చొప్పున రాత్రి పదకొండు దాటాక అప్‌లోడ్ చేశాను. (మా లంకలో ఆ వేళకు గాని నెట్ కుదుటపడదు.) లింకు ఉన్నవారెవరైనా చూడవచ్చునన్న అనుమతి ఇచ్చి, ఫొటోలకు బదులు ఆ లింకును మాత్రమే బావగారికి పంపాను. అసలు కీలకం ఆ తరువాతి పనిలో ఉంది: ప్రివ్యూను స్క్రీన్‌షాట్ తీసుకోవద్దని చెప్పి, ఆయన చేత డౌన్‌లోడ్ బటనే నొక్కించి, ఫైలు ప్రాపర్టీస్‌లోని బైట్ల సంఖ్యను ఫోనులో చదివించుకుని నా దగ్గరి సంఖ్యతో అంకె అంకె సరిచూశాను. 6000 × 4000 పిక్సెళ్లు, ఒక్క బైటు కూడా తేడా లేదు.

ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్ కూడా లెక్కకు వస్తుంది కనుక, రా (RAW) ఫైళ్లు, అంటే కెమెరా కుదించకుండా దాచే పెద్ద ఫైళ్లు, తీసేవారికి ఈ పద్ధతి ఎన్నాళ్లు సాగుతుందో చెప్పలేను. నా మూడు వందల జేపెగ్‌లకు మాత్రం సరిపోయింది.