రాత్రి గుండెమంటకి మంచం ఎత్తు

పడుకోగానే ఛాతీలో మంట, గొంతులోకి పుల్లటి నీళ్లు వస్తుంటే ముందు భోజనం వేళ మార్చాలి. తొమ్మిదిన్నరకి వేపుళ్లతో తిని పదికి పడుకుంటే మాత్రలతో ఎంతకని నెట్టుకొస్తాం? నూనె ఎక్కువైతే పొట్ట ఆలస్యంగా ఖాళీ అవుతుంది. నాకు కుదిరింది ఇది: ఏడున్నరకల్లా తినేసి, మూడు గంటల తర్వాతే నడుం వాల్చడం.

తలవైపు మంచం కోళ్ల కింద 6 నుంచి 8 అంగుళాల చెక్కదిమ్మలు పెట్టాలి. దిండ్లు పేర్చితే లాభం లేదు, నడుం దగ్గర ఒంగి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది. ఎడమవైపు తిరిగి పడుకోవడం మేలు. చల్లటి పాలు కాసేపే హాయి, తర్వాత ఆమ్లం మళ్లీ ఊరుతుంది. కారం అందరికీ పడదని ఏమీ లేదు. కాఫీ, ఆవకాయ, టమాటా ఒక్కోటీ వారం మానేసి తేల్చుకోవచ్చు.

మింగడం కష్టమైనా, మలం నల్లగా వచ్చినా డాక్టరుకి చూపించాలి. నొప్పి చేతికో దవడకో పాకితే మాత్రం గ్యాసని సరిపెట్టుకోకుండా వెంటనే ఆస్పత్రికి.