గేరు బాక్సు బాగు చేయించాలా, మార్చేయాలా?

కడపలో రాయచోటి రోడ్డు పక్కన మాదొక చిన్న షెడ్డు. వచ్చేవి ఎక్కువగా పికప్పులు, మినీ లారీలు, బాగా తిరిగిన డీజిలు కార్లు. బండి ఆపీ ఆపకముందే ఓనరు అడిగేది ఒకటే: "అన్నా, బాక్సు మార్చాల్నా, చేయిస్తే సరిపోతాదా?" బాక్సు విప్పకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పే మెకానిక్కు దగ్గర బండి వదలకండి. అయితే విప్పకముందే మీరు తేల్చుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. బాక్సు దించిన కూలి ఎలాగూ మీ జేబులోంచే పోతుంది కాబట్టి, ముందు అవి చూసుకోవాలి.

మొదట క్లచ్ సంగతి. ఇంజను ఆపి గేర్లన్నీ ఒక్కొక్కటే వేయండి. తర్వాత స్టార్ట్ చేసి, క్లచ్ నేల దాకా తొక్కి, ఫస్టూ రివర్సూ వేయండి. ఆపినప్పుడు సాఫీగా పడిన గేర్లు ఇప్పుడు గరగరమంటే, క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. కేబులు సాగి ఉండొచ్చు, హైడ్రాలిక్ అయితే సిలిండరు లీకయి ఉండొచ్చు, లైనులో గాలి పట్టి ఉండొచ్చు. ఆ మాత్రం దానికి బాక్సు దించేవాళ్లూ ఉన్నారు, దించి "మొత్తం పోయిందన్నా" అనేవాళ్లూ ఉన్నారు. గరగర ఒక్క గేరులోనే, అదీ బండి నడుస్తుండగా వేసినప్పుడే వస్తే, అప్పుడు ఆ గేరు సింక్రో రింగును (గేరు పడేముందు వేగాలు కలిపే రింగు) అనుమానించాలి.

శబ్దమైతే చెవితోనే చాలావరకు పట్టుకోవచ్చు. బండి న్యూట్రల్లో పెట్టి ఇంజను ఆన్‌లో ఉంచండి. క్లచ్ మీది కాలు తీసినప్పుడు గుయ్‌మని, తొక్కగానే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్టు (ఇంజను బలాన్ని బాక్సులోకి తెచ్చేది) బేరింగో, కౌంటర్ షాఫ్టు (ఆ బలాన్ని గేర్లకు అందించే పక్క షాఫ్టు) బేరింగో అరిగింది. తొక్కినప్పుడే కీచుమంటే అది క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు, క్లచ్ ఖాతాలోది. వెనక చక్రాలు లాగే ఐదు గేర్ల పికప్పుల్లో ఇంకో పరీక్ష ఉంది. వీటిలో చాలావాటికి ఫోర్తు గేరులో ఇంజను బలం కౌంటర్ షాఫ్టు మీదుగా తిరగకుండా నేరుగా చక్రాల వైపు పోయే మెయిన్ షాఫ్టుకు పోతుంది. మిగతా గేర్లన్నిట్లో మోగి ఫోర్తులో తగ్గిందంటే గుమానం కౌంటర్ షాఫ్టు మీదే. ముందు చక్రాలు లాగే కార్లకు ఈ లెక్క పనికిరాదు. ఇక ఏ గేరులో ఉన్నా, న్యూట్రల్లో పోతున్నా, బండి వేగంతో పాటే శబ్దం పెరిగి తగ్గుతుంటే ముందు వీలు బేరింగులు, డిఫరెన్షియల్ చూపించండి.

తర్వాత ఆయిలు. బండి వేడెక్కాక, సమంగా ఉన్న చోట నిలబెట్టి, శుభ్రమైన ట్రేలోకి దించమనండి. మసి గుడ్డతో తుడిచిన పాత డబ్బాలో దించితే ఏం కనపడదు. డ్రెయిన్ ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు పేస్టు ఉంటుంది. అది మామూలే, కంగారు పడకండి. ఎండలో ట్రేని వంచి చూస్తే పసుపు మెరుపులు కనిపిస్తే సింక్రో రింగుల ఇత్తడి రాలుతోంది. అది బాగు చేయగలిగిన జబ్బే. వేళ్ల మధ్య గుచ్చుకునే ఇనుప పొరలుంటే బేరింగో గేరు పళ్లో పెచ్చులూడుతున్నాయి. పంటి ముక్కే దొరికిందా, ఇంక బండి నడపకండి. ఆ ముక్క ఇంకో గేరు సందులో పడితే ఇప్పుడు బాగయ్యేది కూడా అప్పుడు బాగు కాదు.

ఆయిలు మార్చడం వల్లే తగ్గిపోయిన గరగరలు కూడా చూశాను. చాలా బండ్లలో లెవెల్ ఫిల్లర్ రంధ్రం (ఆయిలు పోసే రంధ్రం) అంచు దాకా ఉండాలి. సీలు లీకయి తగ్గిపోతే పైన ఉండే బేరింగులకు ఆయిలు అందదు. మే నెల ఎండలో, లోడుతో అలాంటి బండి ఎన్నాళ్లో నిలవదు. రకం కూడా ముఖ్యమే. మాన్యువల్లో జీఎల్-4 అని రాసుంటే జీఎల్-5 పోయకండి. అది డిఫరెన్షియల్ కోసం చేసిన ఆయిలు. అందులోని గంధకం మందులు కొన్ని ఇత్తడిని తినేస్తాయి, పైగా సింక్రో రింగుకు కావాల్సిన పట్టు దొరకదు. "ఏదైనా తొంభై నంబరే కదా" అనే మాట మా ఊళ్లో షాపుల్లోనూ వింటుంటాను. నంబరు చిక్కదనం గురించి చెబుతుంది, లోపలి మందు గురించి చెప్పదు.

ఇప్పుడు అసలు భయపెట్టే జబ్బు: గేరు ఎగరడం. యర్రగుంట్ల వైపు నుంచి కడప బండలు తోలే పికప్పు ఒకటి వచ్చింది. రాయచోటి దారిలోని గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు సెకండు గేరు తనంతట తనే న్యూట్రల్లోకి వచ్చేస్తోంది. ఎక్కేటప్పుడు ఏం లేదు, దిగేటప్పుడే. యాక్సిలరేటరు వదలగానే చక్రాలు ఇంజనును తోస్తాయి కదా, అప్పుడు పళ్ల అవతలి వైపు మీద బరువు పడుతుంది. ఆ వైపు అరిగితే జారుతుంది. లోడుతో దిగుతున్న బండికి గేరు ఎగిరితే ఇంజను పట్టు పోయి మొత్తం భారం బ్రేకుల మీద పడుతుంది. అందుకే ఈ జబ్బున్న బండిని "ఇంకో వారం తోలి చూద్దాం" అనొద్దు.

ఆ ఓనరు కొత్త బాక్సు వేయించడానికే సిద్ధపడి వచ్చాడు. ముందు గేరు బాక్సు మౌంటింగు రబ్బరు, లివరు బుష్షులు చూశాం, బాగానే ఉన్నాయి. అవి అరిగినా గేరు ఎగురుతుంది, కాబట్టి మీరూ ఈ వరసలోనే చూపించండి. తర్వాత దించి విప్పాం. సెకండు స్లీవు (జరిగి గేరును షాఫ్టుతో కలిపే రింగు) లోపలి పళ్ల మొనలు గుండ్రంగా అరిగిపోయాయి. ఆ స్లీవును జరిపే ఫోర్కు కాలు ఒకవైపు పలచబడి మెరుస్తోంది. లివరు మీద చెయ్యి వేసి తోలే డ్రైవరుంటే ఫోర్కు రోజంతా తిరిగే స్లీవుకు ఒరుసుకుంటూ ఉంటుంది, ఇలాగే అరుగుతుంది. కానీ స్లీవు వచ్చి పట్టుకునే, గేరు మీది చిన్న పళ్లు గోటితో తడిమితే ఇంకా పదునుగానే ఉన్నాయి. కౌంటర్ షాఫ్టు పళ్ల మీద ఒక్క గుంట లేదు. హౌసింగులో, అంటే బాక్సు బయటి డొల్లలో, బేరింగు కూర్చునే చోట్లు బిగువుగా ఉన్నాయి. స్లీవు-హబ్ సెట్టు, ఫోర్కు, బేరింగులు, సీళ్లు వేసి పంపించాం. అలాంటి బాక్సును మార్చడం దండగ.

ఇక్కడే ఉంది తేడా. రింగులు, స్లీవు, ఫోర్కు, బేరింగులు, సీళ్లు అరిగేవి, దొరికేవి, మార్చుకునేవి. కౌంటర్ షాఫ్టు చాలా బండ్లలో గేర్లన్నీ కలిసిన ఒకే ముక్క. దాని మీద ఒక్క పన్ను విరిగినా మొత్తం మార్చాలి, దానితో కలిసి తిరిగే గేర్లనూ చూసుకోవాలి. పాత గేరుకు కొత్త గేరు జతచేస్తే మోగుతుంది. హౌసింగులో బేరింగు బయటి రింగు తిరిగి తిరిగి గుంత వదులయిందంటే కొత్త బేరింగు వేసినా షాఫ్టు నిలవదు. లేతులో బుష్షు కొట్టించొచ్చు, కానీ రెండు వైపుల గుంతలూ ఒకే గీతలో రావాలి. అది అందరి చేతుల్లో అయ్యే పని కాదు. పగిలిన హౌసింగుకు వెల్డింగు పెట్టించే ఆలోచన మానుకోండి.

కాబట్టి విప్పే రోజు దగ్గరుండండి. కనీసం ఫోటోలు తీసి పంపమనండి. సింక్రో రింగును గేరు కోను (రింగు కూర్చునే వాలు అంచు) మీద పెట్టి చేత్తో నొక్కి తిప్పమనండి, పట్టుకోవాలి, జారకూడదు. అలా నొక్కి ఉంచి, ఫీలర్ గేజితో (సందు కొలిచే సన్నని రేకులతో) రింగుకూ గేరు పళ్లకూ మధ్య సందు కొలవాలి. దానికి హద్దు మాన్యువల్లో ఉంటుంది, చిన్న కార్లలో సుమారు అర మిల్లీమీటరు. అంతకన్నా తక్కువైతే రింగు అయిపోయింది.

లెక్కకు వద్దాం. దించి ఎక్కించే కూలి బాగు చేసినా, మార్చినా ఒకటే. దాన్ని పక్కన పెట్టి, విప్పి బిగించే కూలినీ సామాన్లనూ మాత్రం కలపండి. మంచి రీకండిషన్ బాక్సు (అరిగినవి మార్చి మళ్లీ అమ్మేది) 30 వేలు అనుకుందాం. రిపేరు 18 వేల లోపు తేలితే నేను రిపేరే చెబుతాను. 20 దాటితే బాక్సు వైపు మొగ్గుతాను. మధ్యలో ఉంటే బండిని ఇంకా ఎన్నేళ్లు ఉంచుకుంటారని అడుగుతాను. ఆరు నెలల్లో అమ్మేసే బండికి కంపెనీ కొత్త బాక్సు వేయించే రెడ్డిగార్లను చూశాను, కొన్నవాడు మాత్రం మా షెడ్డుకు రాలేదు, అదృష్టవంతుడు! పాత ఎస్టిమేటు చేతిలో ఉంటే జీఎస్టీ కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహనాల విడిభాగాలకు 18 శాతమే, అంతకుముందు చాలావాటికి 28 ఉండేది.

ఎటు తేల్చుకున్నా, బాక్సు కింద ఉన్నప్పుడే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు, ఇంజను వెనక సీలు చూపించండి. సగం అరిగిన ప్లేటును తిరిగి ఎక్కిస్తే కొన్ని నెలలకు అదే కూలి మళ్లీ ఇస్తారు. రింగులు దొరకని పాత మోడలైతే లెక్కలతో పని లేదు, బాక్సు వెతకాల్సిందే.

సెకండ్ హ్యాండు బాక్సు కొనేటప్పుడు పైకి కడిగి మెరిపించింది చూసి మోసపోకండి. ఆయిలు ప్లగ్గు తీసి వేలు పెట్టి చూడండి, మాడు వాసన ఉంటే వదిలేయండి. వెనక చక్రాలు లాగే బండ్ల బాక్సుల్లో ఇన్‌పుట్ షాఫ్టు పైకీ కిందికీ కొంచెం ఆడుతుంది. దాని మొనను పట్టే పైలట్ బేరింగు ఇంజను దగ్గరే ఉండిపోతుంది కాబట్టి అది సహజం. లోపలికీ బయటికీ కొట్టుకుంటే మాత్రం వద్దు. ఒక్కో గేరు వేసి షాఫ్టును చేత్తో నిదానంగా తిప్పండి. ప్రతి చుట్టులో ఒకేచోట టక్కుమంటే పన్ను పోయినట్టే. ఒకే మోడలు బండిలోనే డీజిలుకూ పెట్రోలుకూ గేరు రేషియోలు వేరుగా ఉండొచ్చు, బాక్సు మీది కోడు మీదానితో సరిచూడండి. ఆర్సీలో ఇంజను, ఛాసిస్ నంబర్లే ఉంటాయి, బాక్సు నంబరు ఉండదు. కాబట్టి ఆర్టీవో ఆఫీసుతో పని పడదు. బిల్లు మాత్రం తీసుకోండి. గ్యారంటీ నోటిమాటగా ఒప్పుకోకండి, బిల్లు మీదే రాయించండి, బాక్సుకేనా, కూలికి కూడానా అన్నది తేల్చి.

బిగించాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు లోడు తగ్గించి తోలండి. కొత్త రింగులు కోనుల మీద కుదురుకునేటప్పుడు సన్నని ఇత్తడి పొడి రాలుతుంది. అందుకే వెయ్యి కిలోమీటర్లకే ఆయిలు ఒకసారి దించి, అదే శుభ్రమైన ట్రేలో చూసి, కొత్తది పోయించండి.