వరంగల్ ఎండలకు తగ్గ ఫ్రిజ్ ఎలా ఎంచుకోవాలి?

హన్మకొండ చౌరస్తాలోనో, వరంగల్ జేపీఎన్ రోడ్డులోనో షాపు మెట్లెక్కగానే ‘ఎన్ని లీటర్లు కావాలి సార్?’ అని అడుగుతారు. ఆ వెంటనే ‘ఈఎంఐలోనా?’ అంటారు. వాటికి జవాబు చెప్పేలోపే మన కళ్లు రంగుల తలుపుల మీదికి పోతాయి. పూల డిజైను బాగుందని ఏదో ఒకటి ఖాయమైపోతుంది. మన వైపు ఫ్రిజ్ కొనేవాళ్లు అంతకంటే ముందు తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. మే నెలలో మీ వంటగది ఎంత కాగుతుంది? మీ మీటరు నెలకు ఎన్ని యూనిట్లు తిరుగుతుంది? ఈ రెండూ తెలిస్తే ఏ ఫ్రిజ్ తీసుకోవాలో చాలావరకు ఇంట్లోనే తేలిపోతుంది.

1. జాగ కొలవండి, ఎండ చూడండి

టేపు తీసుకుని ఫ్రిజ్ పెట్టే చోటు వెడల్పు, లోతు, ఎత్తు రాసుకోండి. వెనక నాలుగు అంగుళాలు, పక్కల రెండేసి అంగుళాలు, పైన కొంత ఖాళీ ఉంటే మంచిది. కచ్చితంగా ఎంత వదలాలో ఆ మోడల్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది. పాత ఫ్రిజ్‌లకు వెనక నల్లటి గొట్టాల జాలీ ఉండేది, వేడి అందులోంచి బయటికి పోయేది. ఇప్పుడు చాలా మోడళ్లకు ఆ గొట్టాలు పక్క రేకు లోపలే ఉంటున్నాయి. అందుకే కొత్త ఫ్రిజ్ పక్కలు ముట్టుకుంటే వేడిగా తగులుతాయి. అది చూసి టెన్షన్ పడనక్కర్లేదు. ఆ పక్కలను గోడకో, బీరువాకో ఆనించి పెడితేనే ఇబ్బంది.

తలుపు ఏ వైపు తెరుచుకుంటుందో, తెరిచాక లోపలి కూరగాయల డబ్బా పూర్తిగా బయటికి వస్తుందో లేదో కూడా చూసుకోవాలి. అద్దె ఇల్లయితే మెట్ల మలుపు, వంటింటి గుమ్మం వెడల్పు తప్పకుండా కొలవండి. పెద్ద డబుల్ డోర్ కొన్నాక అది మలుపులో పట్టక హాల్లోనే టీవీ పక్కన ఉండిపోయిన ఇళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

ఇక ఎండ సంగతి. ప్రతి ఫ్రిజ్‌కూ క్లైమేట్ క్లాస్ అని ఒకటుంటుంది. లోపలి స్టిక్కరు మీదో, మాన్యువల్‌లోనో ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు. ‘ఎన్’ అని ఉంటే చుట్టూ గాలి 32 డిగ్రీల వరకు, ‘ఎస్‌టీ’ అయితే 38 వరకు, ‘టీ’ అయితే 43 వరకు ఉన్నా లోపలి చల్లదనం నిలబెట్టేలా చేసిందని అర్థం. మన దగ్గర మే నెల సంగతి తెలిసిందే. రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ వైపు 45 డిగ్రీలు దాటిన రోజులు చాలానే చూశాం. కాబట్టి ‘టీ’ క్లాస్ (ఒట్టి ‘ఎస్‌టీ’ కాదు) లేని ఫ్రిజ్ ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి. షాపులో అడిగితే చాలాసార్లు వాళ్లకే తెలియదు, తలుపు తీసి మీరే వెతుక్కోవాలి.

‘టీ’ ఉన్నంత మాత్రాన నిశ్చింత కూడా లేదు. రేకుల ఇంట్లో, పడమటి ఎండ తగిలే గోడ పక్కన మధ్యాహ్నం మూడింటికి 43 దాటడం పెద్ద విషయం కాదు. అప్పుడు కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, పెరుగు మాత్రం పులిసిపోతుంది. వంటగదిలో పొయ్యి పక్కన తప్ప జాగ లేకపోతే ఫ్రిజ్‌ను నడిమింట్లో తూర్పు గోడ వైపు పెట్టుకోవడమే నయం. చూసేవాళ్లు ఏమనుకున్నా సరే.

2. లోపల ఏం పెడతారో లెక్క వేయండి

ఇద్దరుంటే 180–200 లీటర్లు, నలుగురైతే 230–280, ఆరుగురైతే 300 పైన అని ఒక మోటు లెక్క ఉంది. దాన్ని అక్కడి వరకే నమ్మండి. వారానికోసారి అంగడికి పోయి కూరగాయలన్నీ ఒకేసారి తెచ్చుకునే ఇంటికి కావాల్సింది పెద్ద కూరగాయల డబ్బా. ఇంటి పక్కనే రైతుబజార్ ఉండి రోజూ తెచ్చుకునేవాళ్లకు అంత పెద్దది దండగ.

మాంసం సంగతి వేరుగా ఆలోచించాలి. ఆదివారం తెచ్చింది ఆదివారమే అయిపోయే ఇంటికి ఫ్రీజర్ ఐసు ముక్కల కోసమే. దసరాకు నలుగురు కలిసి యాటను కోసి పంచుకునే ఇల్లయినా, చెరువు చేపలు ఒకేసారి నాలుగైదు కిలోలు తెచ్చే ఇల్లయినా ఫ్రీజర్ పనితనం చూడాల్సిందే. మాంసం, చేపలు వారాల తరబడి ఉండాలంటే మైనస్ 18 డిగ్రీలు కావాలి. సింగిల్ డోర్ లోపల ఉండే చిన్న పెట్టె చాలా మోడళ్లలో అంత చల్లబడదు. రెండు మూడు రోజులకైతే ఫర్వాలేదు.

నీళ్ల సీసాల గురించి ఒక మాట. ఎండాకాలం ఫ్రిజ్‌లో సగం జాగ వాటికే పోతుంది, తలుపు తీసేది కూడా ఎక్కువగా వాటికోసమే. ఇంట్లో ఒక మట్టి రంజన్ పెట్టుకుంటే ఆ సగం జాగ మిగులుతుంది, ఒక సైజు చిన్న ఫ్రిజ్‌తోనే సరిపెట్టుకోవచ్చు.

మరొకటి, లీటర్లలో రెండు రకాలున్నాయి. ఒకటి గ్రాస్ వాల్యూమ్, రెండోది స్టోరేజ్ వాల్యూమ్. నిజంగా వస్తువులు పట్టేది రెండోదాంట్లోనే. రెండు కంపెనీల ఫ్రిజ్‌లను పోల్చేటప్పుడు ఒకదానిలో గ్రాస్, ఇంకోదానిలో స్టోరేజ్ చూసి మోసపోవద్దు. మీ ఇంట్లో రోజూ ఫ్రిజ్‌లోకెక్కే పెద్ద గిన్నె ఏదో, దోశ పిండిదో, పెరుగుదో, దాని ఎత్తు కొలుచుకుని వెళ్లి అరల మధ్య పడుతుందో లేదో చూడండి. లీటర్ల కంటే ఆ కొలతే ఎక్కువ పనికొస్తుంది.

3. డైరెక్ట్ కూలా, ఫ్రాస్ట్ ఫ్రీనా?

డైరెక్ట్ కూల్‌లో ఫ్యాన్ ఉండదు. ఫ్రీజర్ గోడల నుంచి చల్లదనం తనంతట తానే కిందికి దిగుతుంది. కరెంటు తక్కువ తీసుకుంటుంది, ధర తక్కువ, కూరగాయలు అంత తొందరగా వాడిపోవు. సింగిల్ డోర్‌లు దాదాపు అన్నీ ఇవే. ఇబ్బందల్లా ఫ్రీజర్‌లో మంచు పేరుకోవడం. అర అంగుళం కట్టకముందే బటన్ నొక్కి కరిగించాలి. లేకపోతే ఆ మంచే అడ్డుపడి చల్లదనం లోపలికి దిగదు, కరెంటు మాత్రం ఖర్చవుతుంది.

దానికి ఓపిక లేక చాకుతో గీకేవాళ్లుంటారు. ఫ్రీజర్ గోడ అంటే పలుచటి అల్యూమినియం రేకు, గ్యాస్ తిరిగే దారి అందులోనే ఉంటుంది. ఒక్క పోటు తగిలితే గ్యాస్ పోతుంది. ఇప్పటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడేది ఆర్600ఏ, అంటే ఐసోబ్యూటేన్. ఉండేది కొద్దిగానే అయినా అంటుకునే గుణం ఉన్నది. బటన్ నొక్కి ఓ రాత్రి వదిలేసే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదనుకుంటే డైరెక్ట్ కూల్ జోలికి పోకండి.

ఫ్రాస్ట్ ఫ్రీలో ఫ్యాన్ చల్లగాలిని లోపలంతా తిప్పుతుంది, ఒక చిన్న హీటర్ అప్పుడప్పుడు పనిచేసి మంచును కరిగిస్తుంది. ఆ నీళ్లు వెనక కంప్రెసర్ మీది ట్రేలో పడి ఆవిరైపోతాయి. మీరు చేయాల్సిన పని ఏమీ ఉండదు. దానికి బదులుగా కరెంటు కొంచెం ఎక్కువ, మూత పెట్టని కూరా కొత్తిమీరా ఆ గాలికి ఎండిపోతాయి. మాంసం, చేపలు నిల్వ పెట్టే ఇంటికి, అయిదారుగురున్న ఇంటికి ఇదే సరైనది.

ఫ్రీజర్ కింద ఉండే మోడళ్లు నడుము నొప్పి ఉన్నవాళ్లకు మేలు, కూరగాయల కోసం వంగక్కర్లేదు. ఫ్రీజర్‌ను ఫ్రిజ్‌గా మార్చుకునే కన్వర్టిబుల్ వాటికి ఎక్కువ డబ్బు పెట్టడం మాత్రం నాకు నచ్చదు. కొన్న కొత్తలో రెండుసార్లు మార్చి చూస్తారు, తర్వాత ఆ బటన్ ఎక్కడుందో కూడా గుర్తుండదు. ఇంట్లో తరచూ దావతులు జరుగుతుంటే మాత్రం ఆలోచించవచ్చు.

4. స్టార్ల కింద ఉన్న అంకె చదవండి

అందరూ స్టార్లు లెక్కపెడతారు. అసలు విషయం వాటి కింద ఉన్న ‘ఏడాదికి ఇన్ని యూనిట్లు’ అనే అంకెలో ఉంది. స్టార్ అనేది ఆ రకం, ఆ సైజు ఫ్రిజ్‌ల మధ్య పోలిక మాత్రమే. పెద్ద ఫ్రాస్ట్ ఫ్రీకి 4 స్టార్లున్నా చిన్న 3 స్టార్ డైరెక్ట్ కూల్ కంటే ఎక్కువ కరెంటు లాగవచ్చు. పైగా స్టార్ల కొలతను బీఈఈ (స్టార్లిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) కొన్నేళ్లకోసారి కఠినం చేస్తుంది. అందుకే లేబుల్ ఏ సంవత్సరానిదో చూడండి. పాత స్టాకు 5 స్టార్ కొత్త కొలత ప్రకారం అంతకంటే తక్కువ స్టార్లకు దిగిపోవచ్చు. ఫోన్‌లో బీఈఈ స్టార్ లేబుల్ యాప్ వేసుకుంటే మోడల్ వివరాలు అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు.

ఇప్పుడు మీ మీటరు దగ్గరికి రండి. తెల్ల రేషన్ కార్డు ఉన్న ఇళ్లకు రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. 200 దాటిన నెలలో మొత్తం బిల్లు కట్టాల్సిందే. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన స్లాబుల ప్రకారం 201 యూనిట్లు కాలిస్తే మొదటి 200కు యూనిట్‌కు రూ. 5.10, ఆ పై ఒక్క యూనిట్‌కు రూ. 7.70. అంటే కరెంటు ఛార్జీయే రూ. 1,027 దాటుతుంది, దాని మీద మిగతా ఛార్జీలు వేరే. ఒక్క యూనిట్ అంత ఖరీదైనది.

ఉదాహరణకు ఒక ఫ్రిజ్ లేబుల్ మీద 240 యూనిట్లు, ఇంకోదాని మీద 140 ఉన్నాయనుకోండి. నెలకు ఒకటి 20, మరోటి 12 లోపు. తేడా ఎనిమిదే కదా అనిపిస్తుంది. కానీ ఆ లెక్క పరీక్ష గదిలో తలుపు తీయకుండా కొలిచింది. మన మే నెలలో, పిల్లలు పది నిమిషాలకోసారి తలుపు తీసే ఇంట్లో రెండూ అంతకంటే ఎక్కువే తింటాయి. అదే నెలలో కూలరు రాత్రంతా తిరుగుతుంది. గత ఏడాది ఏప్రిల్, మే, జూన్ బిల్లులు తీసి చూడండి. 180–190 మధ్య ఉంటే తక్కువ యూనిట్ల ఫ్రిజ్‌కు మూడు వేలు ఎక్కువ పెట్టినా నష్టం లేదు. ఎండాకాలంలోనూ 120 దాటని ఇంటికి ఆ మూడు వేలు తిరిగి రావు, చవకదే తీసుకోవచ్చు. గృహజ్యోతి లేని ఇంట్లో ఏడాదికి 100 యూనిట్ల తేడా అంటే నెలకు 200 దాటని ఇంటి రూ. 4.80 స్లాబులో రూ. 480, 200 దాటే ఇంటి రూ. 7.70 స్లాబులో రూ. 770. ఎన్నేళ్లకు గిట్టుబాటవుతుందో దాన్నిబట్టి చూసుకోండి.

5. కంప్రెసర్, వోల్టేజీ

ఇన్వర్టర్ కంప్రెసర్ అవసరాన్ని బట్టి వేగం తగ్గించి, పెంచి నడుస్తుంది. కరెంటు ఆదా, చప్పుడు తక్కువ. అయితే కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. బ్యాటరీ ఇన్వర్టర్ ఇంట్లో విడిగా ఉంటే దాని మీద నడపడం మాత్రం మామూలు కంప్రెసర్ కంటే సులువు, స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగదు కాబట్టి.

ఊళ్లలో ఉండేవాళ్లు వోల్టేజీ గురించి అడగాలి. యాసంగిలో వరి పొలాల మోటార్లన్నీ ఒకేసారి ఆన్ చేస్తే బల్బు డల్ అయ్యే ఇల్లయితే, మోడల్ ఎంత వోల్టేజీ నుంచి ఎంత దాకా తట్టుకుంటుందో చూడండి. ‘స్టెబిలైజర్ అక్కర్లేదు’ అని పెట్టె మీద రాసి ఉన్నా అది ఆ హద్దుల మధ్యే. మీ ఇంట్లో హద్దులు దాటుతుంటే స్టెబిలైజర్ పెట్టాల్సిందే. ఎర్తింగ్ ఉన్న త్రీ పిన్ సాకెట్ ఫ్రిజ్‌కు విడిగా ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు.

వెనక వైపు మూసి ఉందో లేదో కూడా చూడండి. పొలాల పక్క ఇళ్లలో ఎలుకలు వెనక నుంచి దూరి వైర్లు కొరకడం మామూలే.

6. షాపులో

నగదుకు ఎంతో, ఈఎంఐకి ఎంతో విడివిడిగా అడగండి. ‘నో కాస్ట్’ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉండవచ్చు, నగదు డిస్కౌంట్ పోవచ్చు. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగండి. వదులుగా వచ్చేస్తే రబ్బరు సరిగా పట్టలేదన్నమాట. కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ అంటే చాలావరకు ఆ భాగానికి మాత్రమే. గ్యాస్ నింపడానికీ, మనిషి కూలికీ డబ్బులు తీసుకుంటారో లేదో రాతలో చూడండి. భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు వాళ్లయితే కంపెనీ మెకానిక్ మీ ఊరికి వస్తాడా, ఎన్ని రోజులకు వస్తాడు అని అడగకుండా డబ్బు కట్టొద్దు. ఎంత మంచి కంపెనీ అయినా రిపేరుకు వారం ఆగాల్సి వస్తే ఎండాకాలంలో పనికిరాదు. సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తప్పనిసరి. తర్వాత గొడవ వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసినప్పుడు అదే ఆధారం.

7. ఇంటికి వచ్చాక

ఆటోలో పడుకోబెట్టి తేనివ్వకండి. నిలబెట్టి తెచ్చినా రెండు మూడు గంటలు ఆగి స్విచ్ వేయండి, పడుకోబెట్టి తెస్తే ఇంకా ఎక్కువసేపు ఆగాలి. ఖాళీగా కొన్ని గంటలు నడిపి, బాగా చల్లబడ్డాకే సామాను పెట్టండి. ఫ్రీజర్ కాకుండా మిగతా భాగం 4 డిగ్రీల దగ్గర ఉంటే చాలు. సింగిల్ డోర్‌లో చల్లదనం నాబ్‌ను ఎండాకాలం ఒక అంకె పెంచి, దీపావళి దాటాక తగ్గించుకోండి.