వడ్లు రాకముందే ఎమ్‌క్రిప్ట్ తీసేయండి: మిర్యాలగూడ మిల్లుల సాఫ్ట్‌వేర్ చూసేవాళ్లకు

దసరా దాటిందంటే మిల్లుల ముందు వడ్ల లారీలు బారులు తీరుతాయి. అప్పుడిక సర్వర్ మీద చెయ్యి వేయలేం. పీహెచ్‌పీ భాషలో రాసిన పాత బిల్లింగ్ ప్రోగ్రాంలో రైతుల ఖాతా నంబర్లను ఇంకా ఎమ్‌క్రిప్ట్‌తోనే (రహస్య కీతో డేటాకు తాళం వేసే పాత పీహెచ్‌పీ పనిముట్టు) దాస్తున్నవాళ్లు, యాసంగి చెల్లింపులు ముగియగానే పని మొదలుపెట్టండి. దాని అడుగున ఉన్న లైబ్రరీని 2007 తర్వాత ఎవరూ బాగుచేయలేదు. 2017లో వచ్చిన పీహెచ్‌పీ 7.2 నుంచి ఎమ్‌క్రిప్ట్‌నే తీసేశారు. దానికోసం సర్వర్‌ను పాత వెర్షన్ మీదే ఆపేస్తే ఆ లొసుగులన్నీ మన నెత్తికే.

కొత్తగా దాచే డేటాకు సోడియం అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ చాలు. కీ తప్పినా, డేటా చెడినా అది విప్పనని చెప్పేస్తుంది. ఎమ్‌క్రిప్ట్ అయితే తప్పు కీకి కూడా ఏదో ఒక చెత్త విప్పి ఇస్తుంది. అసలు భయం పాత డేటాతోనే.

కోడ్‌లో రిజ్‌న్‌డేల్ 256 (ఎమ్‌క్రిప్ట్‌లోని ఒక తాళం పద్ధతి) అని ఉంటే ఏఈఎస్-256 అనే ప్రామాణిక పద్ధతి అనుకోకండి. అక్కడ 256 అంటే బ్లాక్ సైజు, అంటే ఒక్కోసారి మూసే ముక్క సైజు, కీ సైజు కాదు. ఏఈఎస్ బ్లాక్ ఎప్పుడూ 128 బిట్లే. రిజ్‌న్‌డేల్ 256తో మూసిన డేటాను విప్పడం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (మరో ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) వల్ల కాదు. పాత సర్వర్‌లో ఎమ్‌క్రిప్ట్‌తోనే విప్పి, కొత్తదాంతో మళ్లీ మూయాలి.

రిజ్‌న్‌డేల్ 128 అయినా జాగ్రత్తే. పదహారు బైట్లు నిండేదాకా ఎమ్‌క్రిప్ట్ చివర నల్ బైట్లు (కంటికి కనబడని ఖాళీ బైట్లు) నింపుతుంది. 11 అంకెల ఖాతా నంబరు వెనక 5 ఉంటాయి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో విప్పాక వాటిని మనమే కోసేయాలి. నిరుడు ఒక మిల్లులో ఆ కోసే లైన్‌లో నల్ బైట్ గుర్తు \0 చుట్టూ డబుల్ కొటేషన్ బదులు సింగిల్ పెట్టాను. సింగిల్‌లో ఉంటే పీహెచ్‌పీ దాన్ని నల్ బైట్‌గా చదవదు. నల్ బైట్లు అలాగే ఉండిపోయాయి. స్క్రీన్ మీద నంబర్లు శుభ్రంగా కనబడ్డాయి. గుమాస్తా కూడా చూసి, "అన్నీ కరెక్టే ఉన్నయే అన్నా" అన్నాడు. బ్యాంకుకు పంపిన ఫైల్ తిరిగొచ్చింది. పైసల కోసం రైతులు మూడు రోజులు మిల్లు చుట్టూ తిరిగారు. అందుకే కంటితో చూసి ఒప్పుకోకండి, ప్రతి వరుసలో పొడవును ప్రోగ్రాంతోనే లెక్కపెట్టించండి. సరిచూడటానికని ఎక్సెల్‌లో తెరవకండి. నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, పైగా రైతుల ఖాతాలన్నీ డెస్క్‌టాప్ మీద బయటపడి ఉంటాయి.

బ్యాకప్ తీసేటప్పుడు పాత కీని కూడా విడిగా భద్రపరచండి. కీ లేని బ్యాకప్ ఎందుకూ కొరగాదు. ఆ కీతో బ్యాకప్‌ను వేరే సిస్టమ్ మీద ఒకసారి విప్పి చూడండి. కొత్త డేటాను కొత్త కాలమ్‌లోనే రాయండి, పాతదాన్ని చెరపకండి. ఒక విడత చెల్లింపులు సక్రమంగా వెళ్లాకే పాత కాలమ్‌ను, దాంతోపాటు పెన్‌డ్రైవ్‌లలో మిగిలిన పాత కాపీలను, పాత కీని తీసేయండి.