ఈస్ట్ గోడలతో ఫిల్మ్, 4వ పాఠం: 30 శాతం, దేనిలో?

పోయిన పాఠం చూసి ఫిల్మ్ (ఈస్ట్ కణాల గోడల గుజ్జును ప్లేటులో పోసి, ఆరబెట్టి ఊడదీసే పల్చటి పొర) పోసినవాళ్లలో ఎక్కువమందికి ఒకటే ఇబ్బంది. మూడు రోజులైనా ప్లేటులో ఆరలేదు, వేలు పెడితే తీగపాకంలా సాగింది. ఈసారి బలం పరీక్ష చెబుదామనుకున్నాను. దానికంటే ముందు ఇది తేలాలి.

ఫిల్మ్ మెత్తగా ఉండటానికి కలిపే గ్లిజరిన్ 30 శాతం అని రాశాను. దేనిలో 30 శాతమో రాయలేదు. ఆ లెక్క ఎప్పుడూ ఎండు పదార్థం మీదే. కాస్టిక్ సోడాతో ఉడికించి, కడిగి తెచ్చుకున్న గుజ్జు 100 గ్రాములు ఉందనుకోండి. అందులో నిజంగా ఈస్ట్ గోడ 4 గ్రాములే, మిగతాది నీళ్లు. 4 గ్రాముల్లో 30 శాతం అంటే 1.2 గ్రాముల గ్లిజరిన్. మీలో కొందరు 30 గ్రాములు పోశారు. నీళ్లు ఆవిరైపోతాయి, గ్లిజరిన్ పోదు. చివరికి ప్లేటులో 4 గ్రాముల గోడకు 30 గ్రాముల గ్లిజరిన్ మిగిలింది. అది ఎన్నాళ్లైనా ఆరదు. ఇంకో చిన్న తేడా: గ్లిజరిన్ నీటికంటే బరువు, 1.2 గ్రాములంటే 1 మి.లీ. కన్నా తక్కువే. సిరంజితో కొలవకండి, తూకం వేయండి.

మీ గుజ్జులో 4 శాతమే ఉండాలని లేదు. 10 గ్రాములు తీసి 105 డిగ్రీల దగ్గర బరువు మారనంతవరకు ఆరబెట్టి తూచండి. 0.6 గ్రాములు మిగిలితే 6 శాతం. బేగంబజార్‌లో ఒకే దుకాణంలో కొన్న రెండు ఈస్ట్ ప్యాకెట్లతోనే నాకు రెండు వేర్వేరు శాతాలు వచ్చాయి. అందుకే ప్రతిసారీ తూచాలి.

పోయడం గురించి మళ్లీ చెప్పను. 9 సెం.మీ. ప్లేటుకు 4 శాతం గుజ్జు 20 గ్రాములు చాలు, ఆరాక మందం 0.1 మి.మీ. దగ్గర వస్తుంది. నాకు గాజు కంటే ప్లాస్టిక్ ప్లేటే ఇష్టం, సులువుగా ఊడొస్తుంది. బుడగలు పోవడానికి గుజ్జును రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచుతాను.

ఇక పరీక్ష. ఊడదీసిన వెంటనే లాగకండి. గ్లిజరిన్ లాగే గాలిలోని తేమ కూడా ఈ ఫిల్మ్‌ను మెత్తబరుస్తుంది. హైదరాబాద్‌లో మేలో పుటుక్కున విరిగే ముక్క ఆగస్టులో రబ్బరులా సాగుతుంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో అడుగున ఉప్పు కరగకుండా మిగిలేంత చిక్కటి ఉప్పునీళ్లు పోయండి. లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. ఆ నీళ్లు తగలకుండా పైన జాలీ మీద ముక్కలను 48 గంటలు ఉంచండి.

కొత్త బ్లేడుతో 15 మి.మీ. వెడల్పు ముక్కలు కోయండి. కత్తెర అంచున గాటు పెడుతుంది, చిరుగు అక్కడే మొదలవుతుంది. స్క్రూగేజ్‌తో ఐదుచోట్ల మందం చూసి సగటు తీయండి. పైన క్లిప్, కింద క్లిప్, కింది క్లిప్‌కు సంచి కట్టి బరువులు పెంచుకుంటూ పోండి. క్లిప్, సంచి బరువు కూడా కలపాలి. మందం 0.1 మి.మీ. ఉన్న ముక్క 600 గ్రాములకు తెగితే బలం 5.9 న్యూటన్లు. దాన్ని వెడల్పు, మందం గుణిస్తే వచ్చే 1.5 చదరపు మి.మీ.తో భాగిస్తే 3.9 మెగాపాస్కల్స్. క్లిప్ దగ్గరే తెగిన ముక్కను లెక్కలో వేయకండి.

అభ్యాసం: గ్లిజరిన్ 20, 30, 40 శాతాలతో మూడు ఫిల్మ్‌లు చేయండి. ఒక్కోదానికి లెక్కలోకి వచ్చే ఐదు ముక్కలు కావాలి. మందం, తెగిన బరువు, ఆరోజు గది తేమ పుస్తకంలో రాసి ఉంచండి. 5వ పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.