చలి తగ్గి ఫ్యాన్లు తిరిగే వేళ: ఇంటి కరెంటు సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

చలికాలమంతా మూలన పడున్న కూలరు బయటికి వస్తుంది. ఏసీ ఆ ఏడాది మొదటిసారి ఆన్ అవుతుంది. ఫ్యాన్లన్నీ ఒకేసారి తిరుగుతాయి. నెలల తరబడి రెండు మూడు ఆంపియర్లు మోసిన వైరింగు మీద ఒక్కసారిగా పదిహేను, ఇరవై ఆంపియర్లు పడతాయి. స్క్రూ వదులైనా, లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్త్ గొయ్యి ఎండిపోయినా, ఎలుక ఎక్కడైనా వైరు కొరికినా ఇన్నాళ్లూ కనపడని లోపం ఈ కొద్ది వారాల్లోనే బయటపడుతుంది. కింద చెప్పినవన్నీ 230 వోల్టుల సింగిల్ ఫేజు సరఫరా ఉన్న ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మూడు ఫేజుల ఇంటి సంగతి వచ్చినచోట విడిగా చెప్పాం.

బోర్డు విప్పే ముందు మెయిన్ ఆపండి. ఇన్వర్టరు ఉంటే దాన్ని కూడా ఆపి, దాని నుంచి ఇంటికి వెళ్లే లైను ప్లగ్గు తీసేయండి. మెయిన్ దించాం కదా అని బోర్డులో చెయ్యి పెట్టి, ఇన్వర్టరు లైను తగిలి షాక్ తిన్నవాళ్లు ఎందరో. టెస్టరును ముందు కరెంటున్న సాకెట్‌లో పెట్టి, వెలుగుతోందని తేల్చుకున్నాకే పని చేసే చోట పరీక్షించండి. పాడైన టెస్టర్ కూడా వెలగదు కదా.

ఎంసీబీ పదేపదే పడిపోతోంది

ఎంసీబీ అంటే కరెంటు హద్దు మీరితే తనంతట తానే పడిపోయి లైను ఆపే స్విచ్. ఎత్తాక ఎంతసేపటికి పడిందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఎంసీబీలో రెండు యంత్రాంగాలుంటాయి. ఒకటి, కరెంటు ఎక్కువై వేడెక్కితే మెల్లగా వంగే లోహపు పట్టీ. రెండోది, షార్ట్ సర్క్యూట్ వస్తే ఆ క్షణమే లాగే అయస్కాంతపు చుట్ట.

ఎత్తీ ఎత్తగానే టప్పున పడితే అది షార్ట్. ఆ సర్క్యూట్ మీదున్న ప్లగ్గులన్నీ తీసి, స్విచ్చులన్నీ ఆపి, మళ్లీ ఒక్కసారే ఎత్తి చూడండి. అప్పుడు నిలబడితే లోపం ఏదో ఉపకరణంలోనో దాని వైరులోనో ఉంది. అప్పుడూ పడితే గోడలోని వైరులోనో, ఏదైనా బోర్డు వెనకో ఉంది, ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే. షార్ట్ ఉన్న లైను మీద ఐదారుసార్లు ఎత్తి చూడొద్దు. ఎత్తిన ప్రతిసారీ లోపమున్న చోట నిప్పురవ్వ లేస్తుంది.

పది, ఇరవై నిమిషాలు నడిచి పడితే అది ఓవర్‌లోడు. వెంటనే ఎత్తితే నిలవదు కూడా, లోపలి పట్టీ చల్లారడానికి రెండు మూడు నిమిషాలు కావాలి. లెక్క తేలికే: వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు. 2000 వాట్ల గీజరు సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది, 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె 4.3, టన్నున్నర ఏసీ దాదాపు 7 నుంచి 8. ఈ మూడూ ఒకే 16 ఆంపియర్ల ఎంసీబీ మీద ఉంటే మొత్తం 20 దాటిపోతుంది. ఏసీకి విడిగా లైను లాగించడమే దీనికి సరైన మందు. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 20 ఆంపియర్ల ఎంసీబీ సరిపోతాయి.

"16 ఆంపియర్లది తీసి 32 వేస్తే పడదు" అనే సలహా వినిపిస్తే ఒప్పుకోకండి. నిజంగానే పడదు. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు గోడలో మరిగిపోతున్నా పడదు. ఎంసీబీ కాపాడేది ఏసీని కాదు, వైరును. వైరు మందం మార్చకుండా ఎంసీబీ సైజు పెంచడమంటే ఇంటికి నిప్పు పెట్టే ఏర్పాటు చేసుకోవడమే.

ప్లగ్గు వేడెక్కుతోంది, బోర్డు దగ్గర కాలిన వాసన

ఇంటి కరెంటు లోపాల్లో మేం ఎక్కువగా భయపడేది దీనికే, ఎందుకంటే దీన్ని ఏ ఎంసీబీ పట్టుకోలేదు. స్క్రూ వదులైన చోట 0.3 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకోండి. 10 ఆంపియర్లు పారితే ఆ ఒక్క బిందువు దగ్గర 30 వాట్ల వేడి పుడుతుంది. అది సోల్డరింగ్ ఐరన్ అంత వేడి, అదీ ప్లాస్టిక్ పెట్టెలో, గాలాడని చోట. లైనులో పారేది మాత్రం మామూలు 10 ఆంపియర్లే కాబట్టి ఎంసీబీకి అంతా బాగానే ఉన్నట్టు తోస్తుంది. కరెంటు లీకైతే లైను ఆపే ఆర్‌సీసీబీ అనే స్విచ్‌కీ తెలియదు, కరెంటు ఎటూ లీకు కావడం లేదు కాబట్టి.

ఒకసారి వేడెక్కిన వైరు అతుకు తనను తానే ఇంకా చెడగొట్టుకుంటుంది. వేడికి లోహం వ్యాకోచిస్తుంది, చల్లారితే ముడుచుకుంటుంది, స్క్రూ ఇంకాస్త వదులవుతుంది. పైన నల్లటి పొర ఏర్పడుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి ఇంకా ఎక్కువవుతుంది. చేపలు కుళ్లినట్టు వాసన వస్తున్నా ఎక్కడా ఏదీ కనపడకపోతే, వేడెక్కిన ప్లాస్టిక్ భాగాలను అనుమానించండి.

పసిగట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఏసీనో గీజరునో 20 నిమిషాలు నడిపి స్విచ్ ఆపండి, ప్లగ్గు తీసి వెంటనే దాని పిన్నుల దగ్గరి ప్లాస్టిక్ భాగం మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వేలు నిలపలేనంత వేడిగా ఉంటే సాకెట్ మార్చాలి. ఒక్క పిన్నే వేడిగా ఉంటే ఆ పిన్ను పట్టు వదులైందన్నమాట. రంగు మారిన సాకెట్‌ను గీకి, శుభ్రం చేసి మళ్లీ వాడొద్దు. లోపలి లోహపు పట్టీ వేడికి స్ప్రింగు గుణం కోల్పోయి ఉంటుంది, బిగించినా పిన్నును పట్టుకోదు. సాకెట్‌తో పాటు ప్లగ్గు కూడా మార్చండి, నల్లబడిన పాత పిన్నులు కొత్త సాకెట్‌నూ పాడు చేస్తాయి.

కొత్తది బిగించేటప్పుడు కాలి నల్లబడిన వైరు ముక్కను మెరిసే రాగి కనపడేదాకా కత్తిరించండి. పోగులన్నీ మెలిపెట్టి, ఒక్క పోగూ బయట మిగలకుండా టెర్మినల్‌లో పెట్టి బిగించి, వైరును లాగి చూడండి. వైరు మీది ప్లాస్టిక్ తొడుగు (ఇన్సులేషన్) స్క్రూ కింద నలిగితే బిగింపు గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది కానీ లోహానికి లోహం తగలదు. కొత్తగా వేసిన బోర్డుల్లో సైతం ఈ తప్పు తరచు దొరుకుతుంది. ఏసీ, గీజరు 16 ఆంపియర్ల సాకెట్‌లోనే ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు వాటిని తగిలించొద్దు.

ఆర్‌సీసీబీ నిలవడం లేదు

ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అన్నది మాత్రమే ఆర్‌సీసీబీ చూస్తుంది. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే ఆపి తీరాలి. 15 దాటాక ఎప్పుడైనా ఆపొచ్చు. రెండు మూడు ఉపకరణాల చిన్న చిన్న లీకులు కలిసినా పడిపోవడం అందుకే.

ముందు ఎంసీబీలన్నీ దించి ఆర్‌సీసీబీ ఎత్తండి. తర్వాత ఎంసీబీలను ఒక్కొక్కటిగా ఎత్తుతూ పోండి. ఏది ఎత్తితే పడిందో ఆ సర్క్యూట్‌లో లోపం ఉంది. అక్కడి ప్లగ్గులన్నీ తీసి, ఒక్కో ఉపకరణాన్ని పెట్టి చూస్తే దొంగ దొరుకుతుంది. ఈ కాలంలో ముందు అనుమానించాల్సినవి కూలరు పంపు, గీజరు ఎలిమెంటు, వర్షం తగిలే బయటి లైట్లు.

ఏ ఎంసీబీ ఎత్తినా, ఏ ఉపకరణం వేసినా పడిపోతుంటే కథ వేరు. ఎక్కడో న్యూట్రల్ వైరు ఎర్త్‌కు తగులుతోందన్నమాట. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ ఎప్పుడూ కలిసే ఉంటుంది. కాబట్టి హాలులో లోపం ఉన్నా వంటింట్లో మిక్సీ వేసినప్పుడు పడుతుంది, మిక్సీని అనుమానించి రోజులు వృథా అవుతాయి. ఇన్వర్టరు బిగించాకే ఈ బాధ మొదలైతే, రెండు లైన్ల న్యూట్రళ్లు కలిపేశారేమో చూడాలి. ఎలక్ట్రీషియన్ మెయిన్ ఆపి న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ నుంచి వైర్లను ఒక్కొక్కటిగా విడదీసి, 500 వోల్టుల ఇన్సులేషన్ టెస్టరుతో కొలవాలి. 1 మెగా ఓమ్ కంటే తక్కువ చూపించిన లైనులో తప్పుంది.

"ఊరికే పడిపోతోంది" అని విసిగి ఆర్‌సీసీబీని తప్పించి నేరుగా కలపమని ఎప్పుడూ అడగకండి. అది పడిపోవడం వల్లే ఒక ప్రాణం నిలిచి ఉండొచ్చు. దాని మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. నొక్కినా పడకపోతే ఆ రోజే మార్చండి.

కూలరు ముట్టుకుంటే జిల్లుమంటోంది

నీళ్లు, ఇనుప డబ్బా, తడి కాళ్లు. వీటికి చెడిన ఇన్సులేషన్ తోడైతే మనిషి చనిపోతాడు. జిల్లుమన్న క్షణమే స్విచ్ బోర్డు దగ్గర ఆపి ప్లగ్గు తీయండి. చూద్దామని రెండోసారి ముట్టుకోవద్దు.

కారణం దాదాపు ఎప్పుడూ రెండు లోపాల జంట. పంపు చుట్టలోనో, డబ్బా అంచుకు రాసుకుని తెగిన వైరులోనో లీకు ఒకటి. ఆ లీకును భూమిలోకి పంపాల్సిన ఎర్త్ లేకపోవడం రెండోది. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. మల్టీమీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంటు) వోల్టుల మీద పెట్టి సాకెట్‌లో కొలవండి. ఫేజుకు న్యూట్రల్‌కు మధ్య 230, ఫేజుకు ఎర్త్‌కు మధ్య కూడా దాదాపు అంతే, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. ఫేజు, ఎర్త్‌ల మధ్య బాగా తక్కువ చూపిస్తే ఎర్త్ తెగింది. 230 చూపించినా ఎర్త్ బలంగా ఉందని మాత్రం అనుకోవద్దు. మల్టీమీటర్ లాగే కరెంటు అతి స్వల్పం, తుప్పు పట్టిన తీగ కూడా దానికి సరిపోతుంది. గొయ్యి నిరోధాన్ని ఎర్త్ టెస్టరుతోనే కొలిపించాలి.

ఎండలు మొదలయ్యేసరికి గొయ్యి చుట్టూ మట్టి ఎండి నిరోధం పెరుగుతుంది. వారానికోసారి ఒకటి రెండు బకెట్ల నీళ్లు పోయండి. పైనున్న నట్టు తుప్పు గీకి బిగించండి. ఎర్త్ లేదని పిన్నును న్యూట్రల్‌కు కలపడం మాత్రం మహా ప్రమాదం. బయట న్యూట్రల్ తెగిన రోజున కూలరు ఒళ్లంతా ఫేజు అవుతుంది.

కూలరులో నీళ్లు పోసేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు తీయాలి. స్విచ్ న్యూట్రల్ వైరు మీద బిగించి ఉంటే ఆపినా లోపల ఫేజు ఉంటుంది.

ఇక కంప్యూటరు, వాషింగ్ మెషిన్ డబ్బాలు సన్నగా చీమ కుట్టినట్టు అనిపించడం వేరే సంగతి. వాటిలోని ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల, ఎర్త్ లేనప్పుడు డబ్బా మీద దాదాపు సగం వోల్టేజి నిలుస్తుంది. ఎర్త్ బాగుచేయిస్తే పోతుంది.

లైట్లు మసకబారుతున్నాయి, లేదా మరీ వెలిగిపోతున్నాయి

ఏసీ కంప్రెసరో మోటారో మొదలైనప్పుడు అర సెకను మసకబారడం మామూలే. మొదలయ్యేటప్పుడు అవి మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతాయి. నడిచినంతసేపూ మసకగానే ఉంటే స్తంభం నుంచి ఇంటికొచ్చే సర్వీసు వైరు అతుకో మీటరు దగ్గరి టెర్మినలో వదులైంది. పొరుగింట్లోనూ ఇలాగే ఉంటే లోపం బయట ఉంది. వోల్టేజి 200 కంటే తగ్గి నిలకడగా ఉంటే కంప్రెసరు ఉన్న యంత్రాలను ఆపేయడం మంచిది.

ఏదీ పనిచేయదు కానీ సాకెట్ రెండు రంధ్రాల్లోనూ టెస్టర్ వెలుగుతోందంటే ఇంటి న్యూట్రల్ తెగింది. ఆన్‌లో ఉన్న ఏ బల్బు గుండానో ఫేజు అవతలి తీగలోకి వచ్చి నిలబడింది.

మూడు ఫేజులున్న ఇంట్లో కొన్ని గదులు మసకగా, కొన్ని కళ్లు చెదిరేలా వెలిగితే ఒక్క క్షణం ఆగకుండా మెయిన్ దించండి. బయట న్యూట్రల్ తెగి, కొన్ని ఉపకరణాల మీదికి 230కి బదులు 400 దాకా వస్తోంది. టీవీ, ఫ్రిజ్, చార్జర్లు నిమిషాల్లో మాడిపోతాయి.

ఫ్యాను మూలుగుతోంది కానీ తిరగడం లేదు

కర్రతో రెక్కను కాస్త తోస్తే తిరుగుతుందా? అయితే మోటారు తిరగడం మొదలుపెట్టడానికి తోడ్పడే కండెన్సర్ పోయింది. పాతదాని మీదున్న విలువే, సీలింగు ఫ్యాన్లకు ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్లు, తెచ్చి వేయండి. తోసినా బరువుగా ఉంటే బేరింగు. వేగం పెంచుకుందామని ఎక్కువ విలువ కండెన్సర్ వేయొద్దు, చుట్ట వేడెక్కి కాలిపోవచ్చు.

బిల్లు ఒక్కసారిగా పెరిగింది

బిల్లు మీది రీడింగు, మీటరు మీది రీడింగు పక్కపక్కన పెట్టండి. ఎన్ని రోజుల బిల్లో చూడండి, రోజులు ఎక్కువైతే యూనిట్లూ పెరుగుతాయి. తలుపు తాళం ఉన్న నెలల్లో సగటు బిల్లు వేసి, అసలు రీడింగు తీసిన నెలలో అంతా కలిపి వచ్చిందేమో గమనించండి. మీటరు వరుసగా చాలా అంకెలు చూపిస్తుంది, బిల్లుకు సంబంధించింది కేడబ్ల్యూహెచ్ (యూనిట్లు) అని ఉన్నదే.

తర్వాత మెయిన్ దించండి. కరెంటు వాడకాన్ని బట్టి మిణికే మీటరు పల్స్ లైటు అప్పటికీ మిణుకుతుంటే మీటరుకు, మెయిన్‌కు మధ్య ఏదో తగిలించి ఉంది, లేదా మీటరే తప్పు. మెయిన్ ఎత్తి, ప్లగ్గులన్నీ తీసి, స్విచ్చులన్నీ ఆపినా మిణుకుతుంటే వైరింగులో లీకు ఉంది.

మీటరు పరుగును మీరే పరీక్షించొచ్చు. దాని మీద యూనిట్‌కు 3200 పల్సులని రాసి ఉంటే, 1000 వాట్ల హీటరు ఒక్కటే నడిపి 32 మిణుకులకు పట్టే సమయం చూడండి. 36 సెకన్లు రావాలి. వోల్టేజి 210 ఉంటే ఆ హీటరు 834 వాట్లే ఇస్తుంది, అప్పుడు 43 సెకన్లు సరైన లెక్క. 25, 28 సెకన్లకే అయిపోతుంటే ఆ కొలతలు రాసిపెట్టుకుని, మీటరు పరీక్షించమని లిఖితపూర్వకంగా అడిగి రసీదు తీసుకోండి.

గాలివాన తర్వాత

తెగిపడిన తీగలో కరెంటు లేదని చూసి చెప్పలేం. కనీసం 10 మీటర్ల దూరంలో ఉండండి, ఇతరులనూ ఆపండి. తడి నేలలో తీగ నుంచి దూరం పెరిగేకొద్దీ వోల్టేజి తగ్గుతూ పోతుంది, అందుకే రెండు పాదాల మధ్యా తేడా వస్తుంది. ఇప్పటికే దగ్గరగా ఉంటే పెద్ద అంగలు వేయక, పాదాలు నేల మీంచి ఎత్తకుండా ఆనించి జరుపుకుంటూ వెనక్కి రండి. వాహనం మీద తీగ పడితే లోపలే కూర్చోండి. నిప్పంటుకుంటే మాత్రం రెండు కాళ్లూ కలిపి, వాహనాన్ని తాకకుండా దూకాలి.

సర్వీసు వైరు మీద వాలిన కొమ్మను మీరు కొట్టొద్దు. మేడ మీద పని చేసేటప్పుడు అల్యూమినియం నిచ్చెన తీగలకు కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి. ఎవరికైనా షాక్ కొడుతుంటే ముందు మెయిన్ ఆపండి. ఆపాక ఊపిరి లేకపోతే అంబులెన్సును పిలిపించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు తగ్గకుండా నొక్కుతూనే ఉండండి.

విద్యుత్ సంస్థకు ఫోను చేసేటప్పుడు బిల్లు మీదున్న సర్వీసు నంబరు, దగ్గరి స్తంభం మీద రాసి ఉన్న నంబరు, ఎన్ని ఇళ్లలో కరెంటు లేదో చెప్పండి. తీగ తెగిందో, స్తంభం మీద నిప్పురవ్వలు వస్తున్నాయో, ఊరికే కరెంటు పోయిందో మొదటి మాటలోనే చెప్పండి, తెగిన తీగ ఉంటే ముందు ఆ లైను సరఫరా ఆపుతారు. ఫిర్యాదు నంబరు, ఫోను చేసిన సమయం రాసి పెట్టుకోండి. లైన్‌మన్ పని ముగించేదాకా జనరేటరు ఉంటే నడపకండి. ఇంటి మెయిన్ దించకుండా దాన్ని నడిపితే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కి, స్తంభం మీదున్న మనిషి పట్టుకున్న తీగలోకి వేల వోల్టులుగా వెళ్తుంది.