ఒంటరిగా వెళ్ళండి, ఒంటరిగా దిగకండి

పరీక్ష పేపర్లు దిద్దడం అయిపోయాకనో, ఇంట్లో పెళ్ళి హడావిడి ముగిశాకనో, ఎవరికీ వండిపెట్టే పని లేకుండా, ఎవరి పిలుపుకూ పలకనక్కర్లేకుండా నాలుగు రోజులు సముద్రం ఒడ్డున ఉండి రావాలనిపిస్తుంది. అలా అనిపించినందుకు నొచ్చుకోవలసిన పనేమీ లేదు. నేను ఏటా మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరానికి వెళ్తాను. ఒక ఏడు కొత్తపట్నం వైపు, ఒక ఏడు మైపాడు, కోడూరు వైపు, ఇంకో ఏడు రామాయపట్నం దగ్గర. బకింగ్‌హాం కాలువ దాటి సరుగుడు తోటల్లోకి మలుపు తిరగగానే ఊళ్ళో మోసుకొచ్చిన బరువంతా భుజాల మీద నుంచి దిగిపోతుంది.

ఆ నిశ్శబ్దం కోసమే వెళ్తాం. అయితే నిశ్శబ్దంగా ఉన్న తీరంలో మనం కేక వేస్తే వినేవాళ్ళు కూడా ఉండరు. ఆదివారం జనంతో కిటకిటలాడే చోట్ల పోలీసులో, గజ ఈతగాళ్ళో కనిపించవచ్చు. మంగళవారం పొద్దున ఖాళీగా ఉన్న ఇసుకలో ఎవరూ ఉండరు. ఇది నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు.

కొన్నేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున ఒక్కదాన్నే నీళ్ళలోకి దిగాను. నడుము లోతు దాటలేదు. అలలు మెత్తగా వస్తున్నాయి, సూర్యుడు అప్పుడే పైకి వస్తున్నాడు, ఆ వెలుగును చూస్తూ ఉండిపోయాను. వెనక్కి తిరిగేసరికి చెప్పులు విడిచిన చోటు ఎక్కడో దూరంగా ఉంది. కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది, అడుగు ముందుకు వేస్తే నీళ్ళు రెండడుగులు వెనక్కి తీసుకుపోతున్నాయి. ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఒక పెద్దావిడ చూసి, చెయ్యి పక్కకు ఊపుతూ అరిచింది. ఆమె చూపిన వైపు అడ్డంగా కదిలి, అలలు విరుగుతున్న చోటికి చేరి బయటపడ్డాను. "ఏమ్మా, ఒక్కదానివే దిగావా? ఎవరికైనా చెప్పి దిగావా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నుంచి ఆమెను పెద్దమ్మా అని పిలుస్తున్నాను. ఈ జాగ్రత్తల్లో సగం ఆమె చెప్పినవే.

ముందుగా కాలం సంగతి. నన్నడిగితే సంక్రాంతి వెళ్ళాక మొదలుకొని శివరాత్రి దాకా మంచి రోజులు. ఎండ ముదరదు, వానలు తగ్గుతాయి, రాత్రుళ్ళు చల్లగా ఉంటాయి. ఆ నెలల్లోనే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. రాత్రి ఇసుకలో తాబేలు కనిపిస్తే టార్చి ఆర్పేసి దూరంగా నిలబడండి. వెలుతురుకు బెదిరి అది గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్ళిపోవచ్చు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రం ముందే గది మాట్లాడుకుని, ఏదేమైనా వెళ్ళాలనే పంతం పట్టకండి. మన రెండు జిల్లాల తీరానికీ ఈశాన్య రుతుపవనాల వానే పెద్ద వాన, తుఫానులూ ఎక్కువగా అప్పుడే. 1984లో శ్రీహరికోట దగ్గర, 1989లో కావలి దగ్గర తీరం దాటిన తుఫానులు రెండూ నవంబరువే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరు, ప్రకాశం జిల్లాలను వానతో ముంచెత్తింది. తుఫాను వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడే దాని అలలు మన ఒడ్డుకు వచ్చేస్తాయి. ఆకాశం నీలంగా, ఎండ హాయిగా ఉన్నా అలలు బరువుగా, మధ్యమధ్య ఎడంగా వస్తుంటే అనుమానించండి. కృష్ణపట్నం రేవులో ఏ నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసినా, అది ఒకటో నంబరైనా సరే, స్నానం మాట మరిచిపోండి. హైదరాబాదులోని ఇంకాయిస్ సంస్థ ఎత్తైన అలల గురించి జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తుంది. బయలుదేరే ముందు వాటిని చూడండి. ఊళ్ళో దిగగానే తుఫాను షెల్టరు ఏ వైపు ఉందో అడిగి పెట్టుకోండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. ఆ 61 రోజులూ మరపడవలు ఒడ్డుకు చేరి ఉంటాయి, చాలావాటి ఇంజన్లు విప్పి మరమ్మతుకు పెడతారు. ఎవరైనా కొట్టుకుపోతే వెంటనే వెళ్ళగలిగే పడవ దొరకకపోవచ్చు. బడి సెలవులని మనం వెళ్ళేదీ సరిగ్గా అప్పుడే.

ఇక సముద్రం దగ్గరికి వస్తాను. చూడగానే ప్రశాంతంగా కనిపించే చోటే చాలాసార్లు ప్రమాదకరమైనది. అలలు ఒడ్డుకు తోసిన నీళ్ళన్నీ తిరిగి లోపలికి పోవాలి కదా. నీళ్ళ కింద ఇసుక మేటల మధ్య సందు ఎక్కడుంటే అక్కడి నుంచి అవి ఒక్కసారిగా వెనక్కి పరుగెత్తుతాయి. ఆ సందులో నీళ్ళు లోతు కాబట్టి అలలు విరగవు. అటూ ఇటూ నురగ, మధ్యలో నున్నగా, కాస్త ముదురు రంగులో ఒక దారి కనిపిస్తుంది. నురగ, చెత్త లోపలికి పోతుంటాయి. అలలంటే భయపడేవాళ్ళు ఆ నున్నటి చోటునే ఎంచుకుంటారు, నేను కూడా అక్కడే దిగాను. అందుకే దిగేముందు ఎత్తైన ఇసుక మీద నిలబడి పది నిమిషాలు నీళ్ళను చూడండి.

అలా లోపలికి పోయే నీళ్ళ లాగుడులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదవద్దు. ఎంత బాగా ఈత వచ్చినవాళ్ళైనా అక్కడే అలసిపోయి మునుగుతారు. ఆ ప్రవాహం మనిషిని లోపలికి తీసుకుపోతుంది గానీ కిందికి లాగదు. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకోండి, చెయ్యెత్తి పిలవండి, ఓపిక ఉంటే ఒడ్డుకు అడ్డంగా కదిలి నురగ ఉన్న చోటికి చేరండి. వేరెవరైనా చిక్కుకుంటే వెంటనే దూకకండి. ఖాళీ నీళ్ళ క్యానుకు మూత బిగించి విసిరినా మనిషి తేలుతాడు.

ఒడ్డు వెంబడి పక్కకు తోసే ప్రవాహం ఇంకొకటి ఉంది. వేసవిలో, నైరుతి రోజుల్లో అది ఎక్కువగా ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో దక్షిణానికి నడుస్తుంది. ఒడ్డున ఒక తాటిచెట్టు, ఒక పడవ గుర్తు పెట్టుకుని, అవి ఎదురుగా ఉన్నాయా లేదా అని ప్రతి కొద్ది నిమిషాలకూ తిరిగి చూస్తూ ఉండండి. అమావాస్యకు, పౌర్ణమికి ఆటుపోట్లు ఎక్కువ. కార్తీక పౌర్ణమి స్నానానికి వెళ్ళేవాళ్ళు మోకాటి లోతు దాటవద్దు. పడమటి గాలి వీస్తున్న ఉదయం సముద్రం అద్దంలా ఉంటుంది, కానీ గాలి నింపిన ట్యూబుల మీద కూర్చున్నవాళ్ళను ఆ గాలే లోపలికి నెట్టేస్తుంది.

ఆడవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. చీరతోనో, చున్నీతోనో దిగకండి. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చినా ఉపయోగం ఉండదు. బిగుతైన లెగ్గింగ్, పొట్టి కుర్తా చాలు. ఎవరు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

పెన్నా, స్వర్ణముఖి, గుండ్లకమ్మ, ఏదైనా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర అసలు దిగవద్దు. అక్కడ నిన్నటి లోతు ఇవాళ ఉండదు, అడుసులో కాలు దిగబడుతుంది. ఒడ్డున నిలబడి తాళ్ళతో లాగే పెద్ద వలను అలివి వల అంటారు, దాన్ని లాగుతున్నప్పుడు చూడడానికి ఎంతో బాగుంటుంది, ఒక్కోసారి ఒక చెయ్యి వెయ్యమని కూడా పిలుస్తారు. కానీ వల చుట్టిన నీళ్ళలో ఈదకండి, బిగిసిన తాళ్ళను దాటకండి. ఆరబెట్టిన వలల మీద నడవకండి, చెప్పులతో పడవ ఎక్కకండి.

వలలో పడ్డవాటిని ముట్టుకోకండి. సముద్రపు పాములు వలతో పాటు ఒడ్డుకు వస్తాయి. తోక తెడ్డులా చదునుగా ఉంటుంది, విషం చాలా తీవ్రం. మన ఆసుపత్రుల్లో ఇచ్చే మామూలు పాము మందు నేల మీది పాములకే పనిచేస్తుంది, సముద్రపు పాముకు పనిచేయదు. కరిస్తే శ్వాస యంత్రం ఉన్న నెల్లూరు, ఒంగోలు పెద్ద ఆసుపత్రులకు నేరుగా వెళ్ళాలి. చదునుగా ఉండి తోకకు విషపు ముల్లుండే టేకు చేప (స్టింగ్‌రే) ఇసుకలో పూడుకుని ఉంటుంది కాబట్టి అడుగులు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవండి, అలికిడికి అది తప్పుకుంటుంది. ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో అరగంటకు తగ్గకుండా కాలు ఉంచితే నొప్పి తగ్గుతుంది. లోతుగా దిగిన ముల్లును మీరు లాగకండి. జెల్లీ చేప తగిలితే ఇసుకతో రుద్దకండి, మంచినీళ్ళు పోయకండి. సముద్రపు నీళ్ళతోనే కడిగి, అతుక్కున్న తీగలను ఏ కార్డుతోనో తీసేయండి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయండి.

వెన్నెల్లో ఇసుక మీదే నిద్రపోవాలని ప్రతివారికీ ఉంటుంది. నాకూ ఉండేది. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కరుస్తుంది. ఆ కాటు నొప్పి తెలియదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోండి. సరుగుడు తోటలో రాలిన పుల్లల కింద ఎర్రతేళ్ళు ఉంటాయి, చెప్పులు దులిపి వేసుకోండి.

అంతకంటే దగ్గరి ప్రమాదం రొయ్యల గుంటలు. ఊరి నుంచి తీరానికి వాటి గట్ల మీద దగ్గరి దారి ఉంటుంది. చీకటిపడ్డాక ఆ దారిన వెళ్ళకండి. గుంటల నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లకు లాగిన కరెంటు తీగలు తడి నేలలో ఉంటాయి, గట్టు జారుడు, కాపలా కుక్కలను రాత్రి విప్పి వదిలేస్తారు. కుక్క కరిస్తే, గీరినా సరే, సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు ధారగా కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోండి.

ఎండ సంగతి మనవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు గానీ, సముద్రపు గాలి చల్లగా తగులుతుంటే ఒళ్ళు కాలడం తెలియదు. పదింటికల్లా నీడకు వచ్చేయండి. రోహిణి కార్తెలో అసలు వెళ్ళవద్దంటాను. నీరసపడితే లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగండి, చెంచాలు తలగొట్టి కొలవండి. తీరంలో చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఇసుకలో తవ్విన చెలమ నీళ్ళు తియ్యగా ఉన్నా, కాచకుండా తాగకండి.

తిండి విషయంలో నాకు ఒక్కటే నియమం, ఉదయం ఒడ్డుకు వచ్చిన చేప మధ్యాహ్నానికి పులుసులో పడాలి. కానాగంతలు, సూరల వంటివి ఎండలో గంటల తరబడి ఉంటే వాటిలో పుట్టే పదార్థం వండినా పోదు. మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వస్తాయి. మామిడికాయ వేసిన పులుసు మరునాటికి రుచి పెరుగుతుంది, నిజమే. పొయ్యి మీద మళ్ళీ మరిగించి తినండి.

వారాంతాల్లో మందు సీసాలతో బండ్ల మీద వచ్చేవాళ్ళుంటారు. సోమవారం వెళ్ళి గురువారం తిరిగి వస్తే వాళ్ళ ఎదురు పడనక్కర్లేదు. గది తలుపుకు లోపలి గడియ గట్టిగా ఉందో లేదో, చివరి బస్సు ఎన్నింటికో మొదటి రోజే చూసుకోండి. చిల్లర నోట్లు, పవర్ బ్యాంకు, రోజూ వేసుకునే మందులు రెండు రోజులకు ఎక్కువే పెట్టుకోండి. 112తో పాటు కోస్ట్ గార్డ్ 1554 కూడా ఫోనులో ఉండాలి. ఇంట్లో ఒకరికి రోజూ ఒకే వేళకు ఫోన్ చేస్తానని మాట ఇచ్చి వెళ్ళండి, ఆ వేళ దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా వాళ్ళకు చెప్పండి.

ఊళ్ళో దిగిన సాయంత్రమే ఒక ఇంటిని పరిచయం చేసుకోండి. చేపలు కొనండి, పిల్లల చదువు గురించి అడగండి, నాలుగు రోజులుంటానని చెప్పండి. నేను ఇప్పటికీ నీళ్ళలో దిగేముందు పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, "దిగుతున్నాను" అంటాను. ఆమె చేపలు తిరగేస్తూనే తల ఊపుతుంది. ఒడ్డెక్కాక మళ్ళీ వెళ్ళి, వచ్చేశానని చెప్పాలి. ఒకసారి మరిచిపోయి నేరుగా గదికి వెళ్ళిపోయాను. గంట తర్వాత బయటికొచ్చి చూస్తే ఆమె ఎండలో నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నీళ్ళ వైపే చూస్తూ నిలబడి ఉంది.